చూపు మధ్యలో మసక

పోయినవారం మిమ్మల్ని షెడ్డు తలుపు దగ్గరే నిలబెట్టి వెళ్లిపోయాను. పాపం, కాళ్లు పీకి ఉంటాయి. రండి లోపలికి.

ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి కదులుతాను. నేను రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌ని. మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఊరంతా ఆయన్ని మాస్టారూ అంటుంది, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన మూత్రసంచిలో మొదలైన క్యాన్సర్ ముదిరి పక్కకి పాకింది. సెలైన్లో ఎక్కించిన మందులు కొన్నాళ్లు పనిచేసి చేతులెత్తేశాయి. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే అందులో ఏదో ఒక మార్పు ఉందని తేలింది. సరిగ్గా ఆ మార్పు మీదికే గురిపెట్టే టాబ్లెట్ ఒకటి ఉందన్నారు. అది మొదలుపెట్టాక గడ్డ చిక్కింది. దాంతోపాటు ఆయన నోరు ఎండిపోయింది, గోళ్లు లేచాయి, అరచేతులు పొరలుపొరలుగా ఊడాయి. వాటికి నేను సిద్ధంగానే ఉన్నాను. సిద్ధంగా లేనిది ఒక్కదానికే. ఆయన నా మొహంలోకి చూడటం మానేశారు.

పోయినవారం మందుల షాపు యజమాని ఇంటికొచ్చి, కొత్త బోర్డు మీద అక్షరాలు తాగినట్టు తూలుతున్నాయని గొడవపెట్టి వెళ్లాడు. మాస్టారి చేతిరాతని అంత మాట అంటాడా అని ఒళ్లు మండిపోయి, అసలు సంగతేంటో ఆయన్నే కడిగేద్దామని పెరట్లో షెడ్డు దగ్గరికెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఆయన చెప్పుల దుకాణం బోర్డు రాస్తున్నారు. మెడ పూర్తిగా పక్కకి తిప్పి, గింజను చూసే కోడిలాగా, ఒంటి కంటి కొసతో చూసుకుంటూ రాస్తున్నారు. అక్కడ ఆపాను.

తలుపు తోశాను. చెప్పులు బయటే వదిలేశాను కాబట్టి చప్పుడు కాలేదు. రేకుల సందులోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా నా మీదే పడుతోంది. టర్పెంటైన్ వాసన గుప్పుమంది.

"ఎవరూ?" అన్నారు.

నేను ఆయనకి బారెడు దూరంలో ఉన్నాను.

ఇంకో అడుగు ముందుకేశాను. ఆయన తల ఎత్తి నా చెవి వైపు చూసి, ఆ తర్వాత భుజం వైపు చూసి, అప్పుడు నవ్వారు. "మీరేనా మేడం. డ్యూటీ లేదా ఇవాళ?"

ఆ క్షణంలో నాకు తోచిన పని చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. తల నెరిసి, మోకాళ్ల నొప్పులొచ్చి, ఉద్యోగం చివరికొచ్చిన దాన్ని, చిన్నపిల్లలాగా ఆయన మొహం మీదికి వంగి నాలుక బయటపెట్టి వెక్కిరించాను. బాగా, పొడుగ్గా పెట్టాను.

ఆయన అదే మర్యాద నవ్వుతో, "ఏంటలా నిలబడిపోయారు? కూర్చోండి, ఆ డబ్బా మీద రంగు ఆరిపోయిందిలే," అన్నారు.

నాలుక లోపలికి ఎలా తీసుకున్నానో తెలీదు. నోరంతా ఆయన నోరులాగే ఎండిపోయింది.

"మాస్టారూ, నేనిప్పుడు ఏం చేశాను?"

"ఏం చేశారు? నిలబడ్డారు."

"మిమ్మల్ని వెక్కిరించాను. నాలుక బయటపెట్టి."

కుంచె ఆయన చేతిలోనే ఉంది. ఎర్ర రంగు బొట్లుబొట్లుగా లుంగీ మీద పడుతున్నా దులుపుకోలేదు. అబద్ధమాడటానికి ఆయనకి చాలా టైమే ఇచ్చాను. వాడుకోలేదు. కుంచెను డబ్బా అంచున పెట్టి, వేళ్లకి కట్టుకున్న గుడ్డ పేలికలు సర్దుకుని, "ఎంత పొడుగు పెట్టారేంటి?" అని మాత్రం అడిగారు.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. రెండిట్లో ఏడుపే గెలిచింది.

మా సంగతి మీకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈయన స్టేషన్లో బోర్డులు రాయడానికి వచ్చిన రోజుల్లో నిచ్చెన మీద కూర్చుని, కుంచె పట్టుకుని, పని మానేసి స్పీకరు వంక చూసేవాడట. ఒకరోజు మైకు గది కిటికీ దగ్గరికొచ్చి, "మేడం, రైలు ఆలస్యమని మీరు చెప్తే ఎవరికీ కోపం రాదండి," అన్నాడు. కిటికీలోంచి నా మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. అలా చూసినవాళ్లు అంతకుముందు నాకు ఎవరూ లేరు. పెళ్లి మాట నేనే మర్చిపోయిన వయసు అది. పెళ్లయ్యాక కూడా ఆ చూపు తగ్గలేదు. అన్నం వడ్డిస్తుంటే చూసేవారు, బట్టలు ఆరేస్తుంటే చూసేవారు. ఏంటా చూపు, తినేస్తారా అని నేను కసురుకునేదాన్ని. కసురుకుంటూ ఇంకాసేపు అక్కడే తచ్చాడేదాన్ని.

ఆ చూపు పోయిందనుకుని ఈ మధ్యంతా నేను కుమిలిపోయాను. రోజూ పొద్దున ఆయన అరచేతులకి క్రీము రాసేటప్పుడు ఆయన కిటికీ వంకే చూస్తూ కూర్చునేవారు. నా చేతుల్లో ఆయన చేతులు, ఆయన చూపేమో బయట. పుండుపడిన నోటికి ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు నేను పుక్కిలింపజేస్తే, నన్ను తప్ప గోడనీ, గిన్నెనీ అన్నిటినీ చూసేవారు. రోగం మనిషిని మార్చేస్తుందని అందరూ అన్నారు కదా, ఇదే కాబోలు అనుకున్నాను. మా వదిన, అంటే ఆయన అక్కయ్య, ఇంకో అడుగు ముందుకేసి, "మోజు తీరిందేమోనే," అని కూడా అనేసింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

"ఎలా కనిపిస్తోంది, చెప్పండి," అన్నాను. "ఉన్నదున్నట్టు చెప్పండి."

"మధ్యలో ఒక మసక. అద్దం మీద తడి వేలు పెడితే పడే మరకలాగా. ఎటు చూస్తే అటొస్తుంది. దేన్ని చూడాలనుకుంటానో అదే పోతుంది, చుట్టూ ఉన్నవన్నీ ఉంటాయి. మీ చెవి ఉంటుంది, దుద్దు ఉంటుంది, భుజం మీద చీర అంచు ఉంటుంది. మధ్యలో మీరుండరు."

"అందుకని?"

"అందుకని పక్కకి చూస్తాను. కిటికీ వంక చూశాననుకోండి, కిటికీ పోతుంది, మీరు కొంచెం వస్తారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోవాల్సొచ్చింది, ఆ రంగు డబ్బా మీదే. అంటే ఇన్నాళ్లూ, క్రీము రాసిన ప్రతి పొద్దునా, ఈ మనిషి నన్నే చూస్తున్నాడు. నేనేమో నన్ను చూడటం లేదని మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ మూతిముడుపు కూడా ఆయనకి కనబడలేదన్నమాట. నా అలక మొత్తం దండగ.

"మరి డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదు? కంట్లో ఏ చిన్న తేడా వచ్చినా అదే రోజు చెప్పమని చెవిలో జోరీగలాగా చెప్పింది కదా!"

ఆయన బోర్డు వైపు తిరిగారు. "డ్రైవరు గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. ఆసుపత్రి బెంచీ మీద మా పక్కన కూర్చునే బస్సు డ్రైవరు. ఇదే రోగం, ఇదే టాబ్లెట్. ఎప్పుడూ జోకులేసేవాడు, గోళ్లు లేచిన వేళ్లతోనే స్టీరింగు తిప్పినట్టు చేసి చూపించేవాడు.

"కంట్లో గీతలు వంకర్లు పోతున్నాయని డాక్టరమ్మకి చెప్పాడు. టాబ్లెట్ ఆపేశారు. ఆ తర్వాత బెంచీ మీద అతన్ని చూశారా మీరు?"

చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ అడగలేదు. అలాంటి బెంచీల మీద, రానివాళ్ల గురించి ఎవరూ అడగరు.

"టాబ్లెట్ ఆపితే గడ్డ లేస్తుంది మేడం. కన్ను పోయినా మీ గొంతు వినపడుతుంది. నేనే పోతే గొంతు కూడా ఉండదు కదా. లెక్క చూసుకున్నాను."

"నీ లెక్క తగలబడా!" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "నన్నడిగి చూసుకున్నావా ఆ లెక్క? అసలు కళ్ల డాక్టరు దగ్గర అక్షరాలన్నీ గడగడా ఎలా చదివావు? నేను పక్కనే ఉన్నాను!"

అప్పుడు ఆయన మొహంలో కాస్త సిగ్గు కనిపించింది. సిగ్గులో కొంచెం గర్వం కూడా ఉంది, ఆ సంగతి నేను దాచను.

"ఆ బోర్డు ఎవడు రాశాడో గానీ దరిద్రంగా రాశాడు. టాబ్లెట్ మొదలుపెట్టకముందు ఫస్టు టైము కళ్లు చూపించుకున్నాం చూడండి, అప్పుడే చూశాను. 'ఘ'కి పొట్ట లేదు. 'ణ' కుంటుతోంది. 'శ' అయితే పక్కదాని మీద పడిపోతోంది. అంత చెడ్డ రాత చూస్తే నేను మర్చిపోలేను. వరసంతా నోటికొచ్చేసింది."

ఈ లోకంలో ఇలాంటి పని ఒక్క బోర్డుల పెయింటరే చేయగలడు. చెడ్డ అక్షరాల మీది కోపంతో కంటిపరీక్ష పాసైపోయాడు! పోయినసారి కంటి లోపల ఫొటో తీసే మిషను రిపేర్లో ఉండి, అక్షరాలు చదివించి, ఇబ్బందేమైనా ఉందా అని అడిగి పంపేశారు. ఈయన ఏమీ లేదన్నారు. ఇంట్లో అద్దం పక్కన అంటించిన గళ్ల కాగితం రోజూ చూడమన్నారు, గళ్లు వంకరపోతే చెప్పమన్నారు. రోజూ చూసి, "తాడు కొట్టి గీసినట్టున్నాయి," అనేవారు. తాడు కొట్టడమంటే సుద్దపొడి అద్దిన తాడుని బోర్డు మీద లాగి విడవడం, వీళ్లు గీత గీసేది అలాగే. ఆ మాట అంత నమ్మకంగా అనేసరికి నేనూ నమ్మేశాను.

మా గోల విని వదిన వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. ఇద్దరి మొహాలూ చూసి, సంగతంతా విని, ముందు తలుపు దగ్గరికి వేసింది. తమ్ముడు చిన్నప్పుడే తల్లి పోతే, తన పెళ్లి కూడా మానుకుని ఆయన్ని పెంచిన మనిషి. ఆవిడ నోటికి నేను భయపడతాను. ఆవిడ ఏడిస్తే మాత్రం అంతకన్నా ఎక్కువ భయం. ఇప్పుడు ఏడుస్తోంది.

"చెప్పకే," అంది నాతో. "నీకు దండం పెడతాను. కళ్లు లేకపోతే నేను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటాను. చిన్నప్పుడు నడిపించలేదా? ఆ మందు ఆపేస్తే వాడు ఉండడే. నువ్వు నిన్నమొన్న వచ్చావు, నేను వాణ్ని పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను."

"వదినా, కన్ను ఒక్కటే కాదు కదా..."

"మనిషి ఉంటే చాలు! నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

అబద్ధం చెప్పను. ఒక్క నిమిషం నాకూ అదే అనిపించింది. ఆయన ఉంటే చాలు, చూసినా చూడకపోయినా ఉంటే చాలు అనిపించింది. ఆ పొరలూడిన చేతులు రోజూ నా చేతుల్లో ఉంటే ఇంకేం కావాలి? నా మొహం ఏమంత చూడదగ్గదని? నిజంగానే నోరు మూసుకునేదాన్నేమో. కానీ ఆయన అప్పుడు బోర్డు మీద ఆరని 'చ'ని వేలితో తడుముతున్నారు. చూసి తెలుసుకోలేక, ముట్టుకుని తెలుసుకుంటున్నారు. రంగు చెదిరిపోయింది. రాసిన అక్షరం మీద ఈగ వాలినా ఊరుకోని మనిషి, తను చెరిపేశానని కూడా తెలుసుకోలేదు.

షెడ్డులోంచి బయటికొచ్చి ఆసుపత్రి నంబరుకి ఫోన్ చేశాను. ఏ ఇబ్బంది వచ్చినా చేయమని ఇచ్చిన నంబరే అది. స్టేషన్లో ఎంత పెద్ద గందరగోళమైనా వణకని నా గొంతు ఆ రోజు వణికింది. అటువైపు నర్సమ్మ రెండు ప్రశ్నలు అడిగి, "ఇప్పుడే తీసుకురండి. ఇవాళ్టి టాబ్లెట్ ఇంకా వేసుకోకపోతే వేయొద్దు," అంది.

"పొద్దున్నే నా చేత్తోనే ఇచ్చానండి," అన్నాను.

వదిన నా వంక చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం వచ్చి తమ్ముడి ఒళ్లో మంచినీళ్ల సీసా పెట్టింది. నోరెండిపోతుంది కదా, గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి. నాతో మాట్లాడలేదు.

ఆటోలో ఆయన చెయ్యి నా చేతిమీద వేశారు. మందు మొదలైనప్పటినుంచీ, చర్మం గరుకుగా ఉంది, గుచ్చుకుంటుందని తనంతట తాను ముట్టుకోవడం మానేశారు. గుచ్చుకున్న మాట నిజమే. తీయమంటానేమో అని భయపడి ఉంటారు, వేళ్లు పైపైన ఆనించి ఉంచారు. నేను నా రెండో చెయ్యి దాని మీద పెట్టి అదిమాను. ఆ చెయ్యి కోసం ఎన్నాళ్లుగా మొహం వాచి ఉన్నానో నాకే అప్పుడు తెలిసింది.

"చెప్తారు కదా?" అన్నాను.

"చూద్దాం," అన్నారు.

ఆ చూద్దాం అన్న మాటలో ఎంత మోసముందో కళ్ల విభాగంలో బయటపడింది. కళ్లజోడు పెట్టుకున్న టెక్నీషియన్ అమ్మాయి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి చదవమంది. ఆయన చదివారు. పై వరస నుంచి కింది వరస దాకా, ఎక్కడా తడబడకుండా, స్టేషన్లో నేను స్టాపులన్నీ చదివినట్టు చదివేశారు. రెండో కన్నూ అంతే.

"చూపు బ్రహ్మాండంగా ఉందండీ!" అంది ఆ అమ్మాయి. "ఏదో మసక అని ఫోన్లో చెప్పారట?"

ఆయన ఒళ్లోని సీసా మూత తిప్పుతున్నారు. నాకు వదిన మొహం కళ్లముందు కనిపించింది. ఇప్పటికైనా ఊరుకుంటే, ఇద్దరం లేచి ఇంటికెళ్లిపోవచ్చు. రేపు పొద్దున మళ్లీ టాబ్లెట్, మళ్లీ క్రీము, మళ్లీ కిటికీ.

"అమ్మాయీ, బోర్డు మార్చు," అన్నాను.

"ఏంటండీ?"

"ఆయనకి ఆ బోర్డు కంఠతా వచ్చు. వేరేది పెట్టు."

ఆ అమ్మాయి నవ్వబోయి, నా మొహం చూసి మానుకుంది. బీరువాలోంచి ఇంకో బోర్డు తీసి తగిలించింది. ఆయన దాని వంక చూశారు. మెడ ఇటు తిప్పారు, అటు తిప్పారు. పై వరసలో ఉన్నవి పిడికెడంత అక్షరాలు. చాలాసేపటికి, "ఇదెవరో బాగానే రాసినట్టున్నారు," అన్నారు మెల్లిగా. ఒక్కటీ చదవలేదు.

కళ్లలో చుక్కలు వేశారు, ఫొటోలు తీశారు. రక్తం కూడా తీసుకున్నారు. ఆ తర్వాత డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. ఈవిడ క్యాన్సర్ డాక్టరు, మాకన్నా చిన్నది, మాటలో మాత్రం పెద్దరికం ఉంటుంది. ఫొటో చూపించింది. కంటి వెనక తెర కింద నీరు చేరి, తెర చిన్న గుడారంలాగా లేచింది.

"ఈ టాబ్లెట్‌తో కొంతమందికి ఇలా అవుతుంది. దీనికి ఇంజెక్షన్లూ ఆపరేషన్లూ అక్కర్లేదు. టాబ్లెట్ కొన్నాళ్లు ఆపుతాం. చాలామందికి నీరు దానంతటదే ఇంకిపోతుంది. కళ్ల డాక్టరు సరే అన్నాక, తగ్గించిన డోసుతో మళ్లీ మొదలుపెడతాం."

"మళ్లీనా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మళ్లీనే. ఆపడమంటే వదిలేయడం అనుకున్నారా?"

డ్రైవరు సంగతి నేనే బయటపెట్టాను. ఇంకొకరి విషయం తను చెప్పకూడదంది డాక్టరమ్మ. పక్కన బీపీ మిషను మడతపెడుతున్న నర్సమ్మకి మాత్రం నోరు ఆగలేదు. "ఆ జోకుల డ్రైవరా? శుభ్రంగా ఉన్నాడు, ఇప్పుడు మంగళవారాలు వస్తున్నాడండీ!" అనేసి, డాక్టరమ్మ చూపు తగిలి నాలుక కరుచుకుంది.

మంగళవారాలు! మేం వచ్చేది శుక్రవారం. ఆ మనిషి చచ్చిపోయాడనుకుని ఈ మనిషి కళ్లు పోగొట్టుకోబోయాడు. నాకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఆయన భుజం మీద ఒక్కటి వేశాను, అందరి ముందే. ఇంటికెళ్లి వదినకి ముందు ఏ ముక్క చెప్పాలా అని అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాను. కొన్నాళ్లు ఆపుతారు, నీరింకుతుంది, మళ్లీ మొదలుపెడతారు. ఆయనా ఉంటారు, ఆయన చూపూ ఉంటుంది. ఇంకేం అడుగుతాను దేవుణ్ని?

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కంటి ఫొటో మళ్లీ దగ్గరికి లాక్కుని చూస్తోంది.

"అంచుల్లో ఇప్పటికే కొంచెం ఆరినట్టుంది," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత రక్తం రిపోర్టు స్క్రీన్ మీద తెరిచింది. "ఫాస్ఫేట్ బాగా తగ్గిందే."

నాకు గర్వంతో ఛాతీ పొంగింది. ఈ టాబ్లెట్ వేసుకుంటే రక్తంలో ఫాస్ఫేట్ పెరుగుతుందని, తిండిలో దాన్ని తగ్గించమని వాళ్లే చెప్పారు. పాలు, గింజలు, కూల్‌డ్రింకులు ఇంట్లోకి రానివ్వకుండా తలుపు దగ్గర పోలీసులాగా నిలబడింది నేనే. "చాలా జాగ్రత్తగా వండానండీ," అన్నాను.

"మీ వంటని మెచ్చుకోవాలి. కానీ అమ్మా, తిండితో ఇంత తగ్గదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ టాబ్లెట్ ఒంట్లో పనిచేస్తుంటే ఫాస్ఫేట్ పెరుగుతుంది. అది చూసే మందు పనిచేస్తోందని మేం తెలుసుకుంటాం. ఇది టాబ్లెట్ వేసుకుంటున్న మనిషి రక్తంలా లేదు."

"పొద్దున నా చేత్తోనే ఇచ్చాను!" అన్నాను. అదే మాట ఇందాకటినుంచీ అందరికీ చెప్తున్నాను.

డాక్టరమ్మ నా వైపు చూడలేదు. "మాస్టారూ, ఎప్పటినుంచి వేసుకోవడం లేదు?"

ఆయన చేతిలోని సీసా కింద పెట్టారు.

"బుగ్గన పెట్టుకుని, మేడం డ్యూటీకి వెళ్లాక ఉమ్మేసేవాణ్ని," అన్నారు. "రెండ్రోజులే ఆపుదామనుకున్నానండి. మసక పోతుందేమో చూసి, మళ్లీ వేసుకుందామని. మూడో రోజో, నాలుగో రోజో, ఈవిడ జడ వేసుకుంటుంటే నుదురు కనిపించింది. కొన్నాళ్లకి కళ్లు కూడా వచ్చాయి. ఇంకా నోరు రాలేదు." నా వైపు తిరిగారు. "కళ్లు చూశాక మళ్లీ అది మింగడం నా వల్ల కాలేదు మేడం. రోజూ మింగుదామనే అనుకునేవాణ్ని. మీరు క్రీము డబ్బా పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చునేవారు."

షెడ్డులో నాకు చెప్పిన లెక్కంతా తలకిందులు. బతకాలని కళ్లు వదులుకున్నవాడు, నా కళ్లు చూడాలని బతుకే వదిలేశాడు. కొట్టాలో, కావలించుకోవాలో తెలీక నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఎన్నాళ్లుగానో ఆశపడ్డ చూపు అది. ఆ గదిలో ఆయన నా మొహంలోకి నేరుగా చూశారు, మెడ తిప్పకుండా, కిటికీ వంక పోకుండా. నేను ఆ చూపు అందుకోలేకపోయాను. డాక్టరమ్మ మొన్న తీసిన పొట్ట స్కాన్ తెరిచి, పాత స్కాన్ పక్కన పెట్టి, స్క్రీన్ మా వైపు తిప్పుతోంది.

"కుర్చీలు దగ్గరికి జరపండి," అంది. ఆవిడ పెన్ను రెండు బొమ్మల మధ్య అటూ ఇటూ తిరిగి, కొత్తదాని మీద ఒకచోట ఆగింది.

"ఇక్కడ పోయినసారి ఏమీ లేదు."